ఇంట్లో చామంతికి దీపాల వేళలు: 18 గంటలా, 12 గంటలా?

ప్రశ్న (మిద్దెతోట_హైదరాబాద్):

నమస్కారం. మేడమీది చిన్న గదిలో ఎల్‌ఈడీ దీపాలు, టైమరు అమర్చి, సంక్రాంతి దాటాక కూడా కుండీలలో చామంతిని పూయించాలని అనుకుంటున్నాను. దీపాలు ఎన్ని గంటలు వెలగాలో వెతికితే దొరికినదంతా విదేశాలలో గంజాయిని గదులలో పెంచేవారు రాసుకున్న సమాచారమే. మొక్క ఎదిగేటప్పుడు 18 గంటల వెలుగు, పూతకు తెచ్చేటప్పుడు 12 గంటల వెలుగు అని అందరూ ఒకే లెక్క చెబుతున్నారు. ఈ లెక్క చామంతికి పనికివస్తుందా? 13, 14 గంటలతో ప్రయోగాలు చేయవచ్చా? 18 గంటలు వెలిగిస్తే కరెంటు బిల్లు ఎక్కువవుతుందని కూడా సందేహంగా ఉంది.

జవాబు 1 (పూలసాగు_మదనపల్లె):

గంజాయి, చామంతి రెండూ హ్రస్వ దీప్తికాల మొక్కలే, అంటే రాత్రి నిడివి పెరిగితే పూతకు వచ్చేవే కాబట్టి సూత్రం ఒకటే. అంకెలు మాత్రం అలాగే ఎత్తి పెట్టుకోకూడదు. గంజాయిలో చాలా రకాలు 13 గంటల పగటిలోనూ మొగ్గ వేస్తాయి. ఏ రకమైనా తప్పకుండా పూయాలని 12 దగ్గర గీత గీసుకున్నారు, అంతే. పగటి నిడివితో సంబంధం లేకుండా పూసే రకాలూ అందులో ఉన్నాయి. (మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచితే పదేళ్ల వరకు కఠిన జైలు శిక్ష పడవచ్చు కనుక, ఆ మొక్క జోలికి పోకుండా చామంతితోనే ఆగడం క్షేమం.)

మొక్క లెక్కపెట్టేది వెలుగును కాదు, ఎడతెగని చీకటిని. పగటి నిడివిని బట్టి పూత వస్తుందని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ పొగాకు, సోయా మొక్కలతో నిరూపించారు. 1938లో హామ్నర్, బోనర్ మరో మొక్క మీద ప్రయోగం చేసి, దీర్ఘమైన రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే పూత ఆగిపోతుందని చూపారు. చామంతి సాగులో దీపాల పద్ధతి అంతా దీని మీదే నిలిచింది.

ఇక మన ఊళ్ల సంగతి చూడండి. హైదరాబాద్‌లో జూన్ మూడో వారంలో కూడా పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలే. డిసెంబరులో 11 గంటలకు కాస్త పైన. పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పు వేసిన తోట) చామంతి రకాలలో చాలావాటికి పూత హద్దు, అంటే పగలు అంతకు మించితే పూయని నిడివి, 13, 14 గంటల మధ్య ఉంటుంది కాబట్టి, వాటి దృష్టిలో మనకు ఏడాది పొడవునా పొట్టి పగలే. దీపం పెట్టకపోతే మొక్క జానెడు ఎత్తు కూడా పెరగకముందే మొగ్గ తొడుగుతుంది. అందువల్ల మా ప్రాంతంలో దీపాలు పెట్టేది పూయించడానికి కాదు, తగినంత ఎత్తు వచ్చేదాకా పూతను ఆపడానికి.

జవాబు 2 (కుండీలమొక్కలు_విజయవాడ):

కరెంటు విషయం నేను చెబుతాను. మొక్కకు ఆహారం తయారు చేసే వెలుగు వేరు, ఇంకా పగలే అని నమ్మించే వెలుగు వేరు. మొదటిదానికి బలమైన దీపాలు కావాలి. రెండోదానికి ఆకుల మీద 100 లక్స్ పడితే చాలు, అంటే మామూలు గదిలో రాత్రి ఉండే వెలుతురు. పెద్ద దీపాలను 12 గంటలు ఉంచి, రాత్రి 10 నుంచి 2 దాకా 9 వాట్ల బల్బు ఒకటి వెలిగిస్తే మొక్క ఎదుగుదలలోనే ఉండిపోతుంది; నెలకు ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ అవుతుంది. అదే 100 వాట్ల దీపాన్ని అదనంగా 6 గంటలు ఉంచితే 18 యూనిట్లు. మొక్క ఎక్కువగా స్పందించేది ఎరుపు కాంతికి కనుక, పసుపు ఛాయ ఉన్న వార్మ్ బల్బు తీసుకోండి.

జవాబు 3 (ఉద్యానం_తిరుపతి):

ప్రయోగం చేయదలిస్తే ఒకే తల్లి మొక్క నుంచి ఒకేనాడు తీసిన పిలకలను మూడు వాటాలు చేసి, 12, 13, 14 గంటల వేళలకు విడివిడిగా పెట్టండి. నీరు, ఎరువు, కుండీ సైజు అన్నీ ఒకటిగానే ఉండాలి. ప్రతి వాటాకూ పెద్ద దీపాలు 12 గంటలే వెలిగి, మిగిలిన గంటలు చిన్న బల్బుతో సాగాలి; లేకపోతే తేడా పగటి నిడివి వల్ల వచ్చిందా, అదనపు ఆహారం వల్ల వచ్చిందా తేలదు. ఒక వాటా వెలుగు ఇంకో వాటా మీద పడకుండా నల్లటి దట్టమైన గుడ్డ కట్టండి. తలుపు సందులోంచి వచ్చే వీధి దీపపు వెలుగు కూడా పూతను తారుమారు చేయగలదు.

గుడ్డ కప్పిన చోట వేడి నిలుస్తుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు. రాత్రి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే, చీకటి ఎంత సక్రమంగా ఇచ్చినా చామంతి పూత ఆలస్యమవుతుంది. మీ ఊళ్లో ఏప్రిల్, మే నెలల ఫలితాలను జనవరి ఫలితాలతో పోల్చకండి. పొట్టి పగలు మొదలుపెట్టాక రకాన్ని బట్టి 7 నుంచి 11 వారాలలో పువ్వు విచ్చుకుంటుంది. మొగ్గలో రంగు కనబడేదాకా వేళలు మార్చవద్దు. మధ్యలో వెలుగు పెంచితే మొగ్గ ఆగిపోయి వంకరగా తయారవుతుంది.

ప్రశ్న వేసినవారు (మిద్దెతోట_హైదరాబాద్):

అందరికీ ధన్యవాదాలు. మా వీధిలో వేసవిలో కరెంటు తరచుగా పోతుంది. అప్పుడు ఈ వేళలు చెదిరిపోవా?

జవాబు 1 రాసినవారు (పూలసాగు_మదనపల్లె):

తిరిగే చక్రం ఉన్న చవక టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది కాబట్టి, గంటసేపు పోతే వేళలన్నీ గంట ఆలస్యమవుతాయి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొనండి. రాత్రి 10 నుంచి 2 మధ్య కరెంటు పోతే వచ్చాక ఆ బల్బును చేత్తో వేయవలసిందే, లేదా దాన్ని ఇన్వర్టరు లైనుకు కలపండి.