ఆఫీసుకు ఒక వైపే గంటంబావు ప్రయాణం, ఒప్పుకోవచ్చా?

మందారం అడిగిన ప్రశ్న:

కొత్త ఉద్యోగం ఆఫర్ వచ్చింది. జీతం ఇప్పటికంటే 20 శాతం ఎక్కువ. పని కూడా చాలాకాలంగా చేయాలనుకుంటున్నదే. చిక్కంతా దూరంతోనే. ఇప్పుడు ఒకే బస్సు, ఇంటి నుంచి ఆఫీసుకు 35 నిమిషాలు. కొత్త ఆఫీసుకు మ్యాప్ గంటంబావు చూపిస్తోంది. ముందు బస్సు, తర్వాత రైలు, దిగాక కాస్త నడక.

ఇల్లు మారే పరిస్థితి లేదు. మావారి ఆఫీసు ఇంటికి దగ్గర. బాబు రెండో తరగతి, స్కూలు పక్క వీధిలోనే. నా ఒక్కదాని కోసం ముగ్గురం కదలాలి. మావారేమో "నీ ఇష్టం, నేను సర్దుకుంటాను" అంటున్నారు. ఆ మాట విన్నాక నా టెన్షన్ ఇంకా పెరిగింది. స్నేహితుల్ని అడిగితే ఒకరు రోజూ రెండేసి గంటలు వెళ్లొస్తున్నా హాయిగానే ఉన్నానంటారు, ఇంకొకరు అరగంట దాటితే అదీ ఒక బతుకేనా అంటారు. అసలు ఎంతవరకు సబబు? దీనికేమైనా లెక్క ఉందా? వచ్చే వారంలోగా ఏదో ఒకటి చెప్పేయాలి.

లెక్కలమనిషి:

లెక్క ఉందండి. జీతాన్ని ఆఫీసు గంటలతో భాగించకండి. ఇంట్లోంచి బయట కాలు పెట్టిన దగ్గర్నుంచి మళ్లీ లోపల పెట్టేదాకా పట్టే సమయంతో భాగించండి. భోజన విరామంతో కలిపి ఆఫీసులో 9 గంటలనుకుందాం. ఇప్పుడు రానుపోను 70 నిమిషాలు, రోజు మొత్తం 610. కొత్తదానికి రానుపోను 150, మొత్తం 690. ఉద్యోగానికి మీరిచ్చే సమయం 13 శాతం పెరుగుతోంది. జీతం 20 శాతం పెరిగినా, గంటకు చూస్తే పెరుగుదల 6 శాతమే. పెరిగిన జీతం మీద పన్ను, అదనపు టికెట్ ఖర్చు పోగా అందులో ఏం మిగులుతుందో మీరే చూసుకోండి.

ఇంకోలా చూస్తే, రోజుకు అదనంగా 80 నిమిషాలు. ఏడాదికి 230 పనిరోజులు వేసుకుంటే 300 గంటలు దాటిపోతుంది. అంటే దాదాపు 38 పనిరోజులు ఊరికే ఇచ్చేస్తున్నట్టు.

డబ్బు కోసమే అయితే వద్దంటాను. పని నచ్చి వెళ్తానంటే మాత్రం నా లెక్కకు అందే విషయం కాదది.

పొద్దుటిబండి:

లెక్క బాగుంది గానీ, అందులో వేసిన గంటంబావునే నేను నమ్మను. అది అన్నీ వేళకు వచ్చిన రోజు మాట. మీకు మధ్యలో బండి మారే చోటు ఒకటుంది. బస్సు ఐదు నిమిషాలు లేటయితే మీరు ఐదు నిమిషాలతో బయటపడరు. రైలు తప్పిపోతుంది. తర్వాతి రైలు 20 నిమిషాలకుంటే ఆ 20 నిమిషాలూ మీ నెత్తినే. ఆ భయంతో ఒక బస్సు ముందే ఎక్కడం మొదలుపెడతారు. ఇక అన్నీ సవ్యంగా నడిచిన రోజున కూడా ఆ సమయం ప్లాట్‌ఫాం మీదే పోతుంది. చాలా ఏళ్లు నేను చేసిన పనే ఇది. కాగితం మీద గంటా పది, ఇంట్లోంచి బయల్దేరేది మాత్రం గంటన్నర ముందు.

రవాణా ప్లానింగ్‌లో సగటుతో పాటు 95వ పర్సెంటైల్ అని ఒకటి చూస్తారు. 20 ప్రయాణాల్లో 19 ఎంత సమయంలోపు పూర్తవుతాయో ఆ అంకె. నెలకొక్కసారి ఆలస్యమైనా ఫర్వాలేదనుకునేవాళ్లు దాని ప్రకారమే బయల్దేరాలి. మీరు పట్టించుకోవాల్సింది ఆ అంకెని. పూర్తిగా తెలుసుకోవడం కష్టమే, కానీ జవాబు చెప్పేలోపు ఒక సోమవారం సెలవు పెట్టి ఆఫీసు వేళకే వెళ్లి రండి. వాన పడితే మరీ మంచిది. తిరుగు ప్రయాణం కూడా సాయంత్రం రద్దీలోనే చేయండి. అందరూ పొద్దున ప్రయాణం చూసుకుని సరేననేస్తారు.

ఇంకొకటి, సీటు. మీరు ఎక్కే స్టేషన్ మొదటిదా, మధ్యలోదా? నాకు పొద్దున సీటు దొరికేది. చదువుకుంటూ వెళ్లేవాణ్ని, ఆ గంట పోయినట్టే ఉండేది కాదు. సాయంత్రం అదే దూరం నిలబడి వచ్చేవాణ్ని. ఇంటికొచ్చాక పావుగంట సేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి అయ్యేది కాదు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా మా పాప వాళ్లమ్మతో "నాన్న ఇంకా రాలేదు" అనేది.

ఇక మీవారి మాట. స్కూలు నుంచి బాబుకు జ్వరమని ఫోన్ వస్తే మీరు చేరేసరికి గంటన్నర పడుతుంది. కాబట్టి ప్రతిసారీ వెళ్లేది ఆయనే. "సర్దుకుంటాను" అన్నప్పుడు ఇదంతా ఆయనకు తట్టిందో లేదో. మీటింగ్ మధ్యలో లేచి వెళ్లగలరా, సాయంత్రం బాబును ఎవరు తెస్తారు, ఆయన ఊళ్లో లేని రోజు సంగతేంటి, ఇవి విడివిడిగా అడగండి. ప్రయాణం చేసేది మీరే అయినా సగం భారం ఇంట్లో ఉన్నవాళ్ల మీద పడుతుంది. మా ఇంట్లో ఆ సగం మా ఆవిడ మోసింది, తన ఉద్యోగంలో ప్రమోషన్ కూడా వద్దనుకుంది. ఆ లెక్క మా జీతం స్లిప్పుల్లో ఎక్కడా కనపడదు.

సూటిమాట:

గంట దాటితే వద్దు. నా అభిప్రాయం అంతే.

పాతపేజీలు:

"ఎంతవరకు సబబు" మీద పరిశోధనలు ఉన్నాయి. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాసిన వ్యాసంలో, మనుషులు ఏ కాలంలోనైనా ప్రయాణానికి రోజు మొత్తం మీద సుమారు గంటే వెచ్చిస్తారన్నాడు. అంతకుముందు రవాణా పరిశోధకుడు యాకోవ్ జహావి సేకరించిన వివరాలే దానికి ఆధారం. వేగం పెరిగితే ప్రయాణ సమయం తగ్గదు, ఊరు విస్తరిస్తుంది అని మార్కెట్టి వాదన. గంటకు 5 కిలోమీటర్లు నడిచే రోజుల్లో పాత నగరాలు కేంద్రం నుంచి రెండున్నర కిలోమీటర్లకు మించి పెరగలేదని ఉదాహరణ చూపించాడు. ఆ లెక్కన ఒక వైపు అరగంట. అయితే అది జనం సగటు. ఒక మనిషికి గీసిన గీత అనుకోకూడదు.

మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా వచ్చేది స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై 2008లో ప్రచురించిన పని. దూరం వెళ్లేవాళ్లు మంచి జీతానికో మంచి ఇంటికో ఆశపడే వెళ్తారు కదా, కాబట్టి వాళ్ల సంతృప్తి మిగతావాళ్లతో సమానంగా ఉండాలి. జర్మనీ సర్వే వివరాలు చూస్తే అలా లేదు. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద సంతృప్తి తగ్గింది. జీతం ఆ లోటును పూడ్చలేదన్నమాట.

అలాగని అందరికీ గుమ్మం ముందే ఆఫీసు కావాలనీ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉద్యోగుల్ని అడిగితే, ఒక వైపు ఎంతుంటే బాగుంటుందన్నదానికి వచ్చిన జవాబుల సగటు 16 నిమిషాలు. రెడ్‌మండ్, మొఖ్తారియన్ అనే పరిశోధకులు దాన్ని 2001లో ప్రచురించారు. ఇంటికీ పనికీ మధ్య కాస్త ఎడం జనానికి ఇష్టమే.

రెండురోజులు:

ఎవరూ అడగలేదేమిటి, వారానికి ఎన్ని రోజులు వెళ్లాలి? నేను ఒక వైపు గంటన్నర వెళ్తాను, కానీ వారంలో రెండు రోజులే. మీ సంగతి చూడండి. ఇప్పుడు ఐదు రోజులకు వారానికి 350 నిమిషాలు. కొత్తదానికి మూడు రోజులు వెళ్తే 450, రెండే అయితే 300. ఇప్పటికంటే తక్కువ! అందుకే జీతం మీద బేరమాడే ముందు రోజుల మీద ఆడండి. ఒప్పుకుంటే ఆఫర్ లెటర్లో రాయించుకోండి. నోటిమాట అయితే మేనేజరు మారగానే ఎగిరిపోతుంది.

మందారం:

అందరికీ థాంక్స్ అండి. సోమవారం వెళ్లొచ్చాను. పొద్దున గంటా 35 నిమిషాలు, సాయంత్రం గంటా 50. ఎక్కేది మధ్య స్టేషన్, కాబట్టి సీటు ఆశ లేదు.

పొద్దుటిబండి గారి ప్రశ్నలు మావారిని అడిగాను. మొదటిదానికే ఆగిపోయారు. వారంలో రెండు రోజులు ఆయనకు మధ్యాహ్నం లేవడం కుదరదట. ఈ సంగతి ఇన్నాళ్లూ మా మధ్య రానేలేదు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి, ఆ రెండు రోజులూ ఇంటి నుంచి పని చేస్తానన్నాను. ఒప్పుకున్నారు, రాసిస్తామన్నారు కూడా. లెటర్ వచ్చాక చూస్తే ప్రొబేషన్ పూర్తయ్యాకే అని ఉంది, ప్రొబేషన్ ఆరు నెలలు. ఫోన్లో ఈ మాట అనలేదు. మొదటి రోజు నుంచే ఇస్తేనే చేరతానని ఈ పూట మెయిల్ పెట్టాను. శుక్రవారంలోగా చెప్తామన్నారు.