పిల్లల మెయింటెనెన్స్ ఎలా లెక్కేస్తారు? జీతంలో 25 శాతం అన్నది నిజమేనా?

బెజవాడ_అమ్మ:
నమస్తే అండి. మేం రెండేళ్లుగా విడిగా ఉంటున్నాం, విడాకులు ఇంకా కాలేదు. బాబు నా దగ్గరే, రెండో తరగతి. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, 20 వేలు వస్తాయి. ఆయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, పన్ను, పీఎఫ్ పోగా 80 వేలు. కానీ ఫ్లాట్ ఈఎంఐ, కారు ఈఎంఐ కట్టాక మిగిలేది 25 వేలేనని, బాబుకి 5 వేలకు మించి ఇవ్వలేనని అంటున్నారు. మా పెదనాన్నగారేమో చట్టంలోనే 25 శాతం అని ఉంది, 20 వేలు రావాల్సిందే అంటారు. నువ్వు సంపాదిస్తున్నావు కాబట్టి కోర్టు పైసా ఇప్పించదని ఇంకొకరు. ఇంతకీ ఈ లెక్క ఎలా వేస్తారు? జూన్‌లో ఫీజు కట్టాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నల్లకోటు:
చట్టంలో శాతం ఎక్కడా లేదమ్మా. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భార్య భరణానికి భర్త నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందని అంది, అదే అందరి నోళ్లలో పడి చట్టం అయిపోయింది. పిల్లల విషయంలో జడ్జి చూసేది బిడ్డ అవసరాలు, తండ్రి స్తోమత, తల్లి ఆదాయం, ఇంతకాలం బిడ్డ పెరిగిన తీరు. ఇక ఈఎంఐల సంగతి. ఇన్‌కమ్ ట్యాక్స్, తప్పనిసరి పీఎఫ్ లాంటివి తీసేస్తారు గానీ, తనకోసం కొనుక్కున్న కారు వాయిదా చూపించి బిడ్డకి లేదంటే మామూలుగా కోర్టులు ఒప్పుకోవు. కాబట్టి లెక్క మొదలయ్యేది 80 వేల దగ్గర, 25 వేల దగ్గర కాదు.

మీకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన బాబు హక్కు పోదు. 2020 నాటి రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, తల్లి సరిపడా సంపాదిస్తుంటే బిడ్డ ఖర్చుని ఇద్దరి ఆదాయాల దామాషాలో పంచవచ్చని చెప్పింది. ఉదాహరణకు బాబు ఖర్చు నెలకు 18 వేలు అనుకోండి, మీ ఇద్దరి ఆదాయం 80కి 20, ఆయన వాటా 14,400 అవుతుంది. ఇంతే వస్తుందని కాదు, వాదన ఈ దారిలో నడుస్తుందని. అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. దాచిపెడితే పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు తెప్పించమని అడగొచ్చు.

డల్లాస్_బాబాయ్:
మా టెక్సాస్‌లో ఫార్ములా ఉంది, మామూలుగా ఒక బిడ్డకి నెట్ ఆదాయంలో 20 శాతం, ఇద్దరికి 25. ఇక్కడి వాళ్ల మాటలు విని ఇండియా కేసుకి అంటగట్టొద్దు, రెండింటికీ సంబంధం లేదు.

సీతాకోకచిలుక:
అక్కా, నేను ఈ దారిలో నడిచొచ్చినదాన్నే, ఒక్కటే చెప్తాను. 'బాబు ఖర్చు 18 వేలు' అని ఒక్క ముక్కలో రాస్తే అవతలి లాయర్ సగానికి కోసేస్తాడు. ఫీజు రసీదు, పుస్తకాలు, యూనిఫాం, ట్యూషన్, డాక్టర్ చీటీలు, మందుల బిల్లులు, అద్దెలో బాబు వాటా, అన్నీ విడివిడిగా రాయాలి. ఆటో అతను రసీదు ఇవ్వడు కదా, అందుకే నేను నెలనెలా ఫోన్‌పేలోనే కట్టి ఆ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి పెట్టాను. ఏడాదికోసారి కట్టే ఫీజుని 12తో భాగించి నెల ఖర్చులో కలపడం చాలామంది మర్చిపోతారు, అక్కడే పెద్ద మొత్తం పోతుంది.

బెజవాడ_అమ్మ:
చాలా థాంక్స్ అండి. కేసు వేయడానికి హైదరాబాద్ వెళ్లాలా? తేలేదాకా ఫీజు సంగతేంటి? రేపు ఫీజులు పెరిగితే మళ్లీ అడగొచ్చా?

నల్లకోటు:
మీరుండే చోటే వేయొచ్చు. మెయింటెనెన్స్ అడిగే పాత సీఆర్‌పీసీ సెక్షన్ 125, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 144 అయింది. పిటిషన్‌తో పాటే మధ్యంతర మెయింటెనెన్స్, అంటే కేసు తేలేదాకా నెలనెలా ఇచ్చేది, కూడా అడగండి, నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది, ఆచరణలో ఆలస్యం అవుతుంది. అయినా రజనీష్ తీర్పు ప్రకారం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కగడతారు, అందుకే జూన్ దాకా ఆగకుండా ఇప్పుడే వేయండి. ఖర్చులు పెరిగితే అదే చట్టం సెక్షన్ 146 కింద పెంచమని అడగొచ్చు. ఆర్డర్ వచ్చాక ఆయన కట్టకపోతే మాత్రం ఊరుకోవద్దు, ఏ నెల బకాయికైనా అది కట్టాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ పడాలి, గడువు దాటితే ఆ నెల డబ్బుకి సెక్షన్ 144 కింద వసూలు వారంట్ ఇవ్వరు.