ఎక్మో కోసం జీడితోట అమ్ముకోవాలా?

సోంపేట:
2021లో మా చిన్నాన్నకి కోవిడ్ ముదిరింది. విశాఖలో వెంటిలేటర్ మీద పదమూడో రోజున ఎక్మో, అంటే ఒంటి బయటే రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే మెషిన్, పెట్టారు. రెండెకరాల జీడితోట అమ్మేశాం. తొమ్మిది రోజులకి మెదడులో రక్తస్రావమై పోయారు. బాలు గారంతటి వారికి చెన్నైలో నెల దాటి ఎక్మో నడిచినా, 2020 సెప్టెంబర్ 25న మనకి దక్కలేదు. అందుకే అంటున్నాను, మనలాంటి ఇళ్లలో డాక్టర్లు ఆ మాటే ఎత్తకూడదు. కాదంటే చెప్పండి.

బొబ్బిలి, ఐసీయూ నర్సు:
తమ్ముడూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. కానీ మాటే ఎత్తకూడదంటే ఒప్పుకోలేను.

ఎక్మో వైరస్‌ని చంపదు. తొడ దగ్గర సిర నుంచి రక్తాన్ని లాగి, ఆక్సిజన్ ఎక్కించి, మెడ దగ్గర సిరలోకి తిరిగి పంపుతుంది. ఒక గొట్టంలో నేరేడుపండు రంగు, రెండో దాంట్లో మందార రంగు. ఈలోగా ఊపిరితిత్తులకి విశ్రాంతి, అంతే. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి. ఎక్కువైతే మీ చిన్నాన్నకి అయినట్టే అవుతుంది, తక్కువైతే మెషిన్‌లో గడ్డలు. డ్యూటీలో టార్చి పట్టుకుని ఒకసారి రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆ ఆక్సిజనేటర్‌లో గడ్డల నల్లని మచ్చలు వెతుకుతాం, మరోసారి మెదడులో రక్తస్రావం అయిందేమోనని పేషెంటు కనుపాపలు చూస్తాం. ఆ టెన్షన్ రాత్రంతా ఉంటుంది.

అయినా బతికేవాళ్లు ఉన్నారు. 2018లో వచ్చిన ఎయోలియా అనే అధ్యయనంలో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న 249 మంది. అరవై రోజుల్లో ఎక్మో వైపు 35 శాతం, వెంటిలేటర్ వైపు 46 శాతం చనిపోయారు. ఆ తేడా గట్టి రుజువు కాదన్నారు, నిజమే. కానీ అందులో వెంటిలేటర్ ఎక్కి వారం దాటినవాళ్లని తీసుకోలేదు. మీకు పదమూడో రోజున పెట్టారు. నా గొడవ అక్కడే.

నేను చూసుకున్న ఒక కుర్రాడికి స్వైన్‌ఫ్లూ, నాలుగో రోజున పెట్టారు. బతికాడు. కానీ అన్నం ముద్ద కలుపుకునే పట్టు వేళ్లకి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇది కూడా ముందే చెప్పాలి.

టెక్కలి:
అక్కా, మా ఉద్దానం సంగతి కూడా చూడాలి. ఇక్కడ చాలామందికి క్రియాటినిన్ ముందే ఎక్కువ, అంటే కిడ్నీలు అప్పటికే సరిగా పనిచేయవు. ఎక్మో మీద కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ పడటం మామూలే కదా? అలాంటివాళ్లకి నేనైతే వద్దనే అంటాను.

బొబ్బిలి, ఐసీయూ నర్సు:
అవును బాబూ, అలాంటివాళ్లలో చాలామందికి నేనూ వద్దనే చెప్తాను.

సోంపేట:
పదమూడో రోజు ఆలస్యమని మాతో ఎవరూ అనలేదక్కా. "ఇదొక్కటే దారి" అన్నారు, సంతకం పెట్టాం.

బొబ్బిలి, ఐసీయూ నర్సు:
అది తప్పే. ఆ మాట మూడో రోజునే, లెక్కలతో సహా, ఇంటి పెద్దని కూర్చోబెట్టి చెప్పాలి. శ్రీకాకుళం నుంచి విశాఖకి నూరు కిలోమీటర్ల పైచిలుకు. మరీ ముదిరాక అంబులెన్స్ ఎక్కించడమే ప్రమాదం.

రాజాం:
మా బావగారు నిన్నటి నుంచి వెంటిలేటర్ మీద ఉన్నారు, ఫ్లూ న్యుమోనియా. ఏం అడగమంటారు?

బొబ్బిలి, ఐసీయూ నర్సు:
బోర్లా పడుకోబెడుతున్నారా, రోజుకి పదహారు గంటలైనా ఉంచుతున్నారా అని ముందు అడగండి. దానికి ఎక్మో అంత ఖర్చు ఉండదు, ప్రాణాలు నిలబెడుతుందని 2013లోనే రుజువైంది. అలా చేసినా ఆక్సిజన్ అందకపోతే ఎక్మో ఉన్న చోటుకి ఏ రోజు పంపుతారో ఇవాళే అడగండి. కిడ్నీ రిపోర్టు కూడా చేత్తో పట్టుకెళ్లండి.