పాత ఫ్యూజు బోర్డు తీసి కొత్త డీబీ (కరెంటును లైన్లకు పంచే స్విచ్చుల పెట్టె): 38,000 అడుగుతున్నారు, సబబేనా?

పాతిల్లు_సికింద్రాబాద్:
1994లో కట్టిన డాబా ఇల్లు, కింద పైన కలిపి ఒకే మీటరు. సింగిల్ ఫేజ్, బిల్లు మీద లోడు 3 కిలోవాట్లు. మీటరు పక్కన చెక్క బోర్డు, దాని మీద ఆరు పింగాణీ ఫ్యూజులు. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు, 2 కిలోవాట్ల గీజరు, ఒక హెచ్‌పీ మోటారు ఉన్నాయి. ఇప్పుడు ఇండక్షన్ స్టవ్ కూడా పెట్టాలి. త్రీఫేజ్ డీబీ బిగించడానికి ఎలక్ట్రీషియన్ మొత్తం 38,000 చెప్పాడు. కాగితం మీద విడివిడిగా ఏమీ రాయలేదు. ఎక్కువ చెప్పాడా?

లోడ్‌లెక్క:
ఆ డబ్బులో ఏమేం వస్తున్నాయో తెలియకుండా ఎక్కువో తక్కువో చెప్పలేమండీ. ముందు మీ లోడు చూద్దాం. ఏసీలు రెండూ 3.2, గీజరు 2, ఇండక్షన్ 2, మోటారు 1, ఫ్రిజ్జు, లైట్లు, ఫ్యాన్లు మరో 1. మొత్తం 9.2 కిలోవాట్లు. అన్నీ ఒకేసారి నడిస్తే 230 వోల్టుల మీద 40 ఆంపియర్లు. ఇంత లోడుకు త్రీఫేజే సరైనది.

కంపెనీ సరుకైతే షాపు ధరలు రమారమి ఇలా ఉంటాయి, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఫేజుకు విడిగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) పట్టే త్రీఫేజ్ డీబీ పెట్టె 4,000. 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల టూపోల్ ఆర్‌సీసీబీలు మూడు, ఒక్కోటి 2,000 చొప్పున 6,000. మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ ఒకేసారి ఆపే ఫోర్‌పోల్ మెయిన్ స్విచ్చు 1,500. సింగిల్ పోల్ ఎంసీబీలు (లోడు మించితే తమంతట తామే పడిపోయే స్విచ్చులు) 12, ఒక్కోటి 200 చొప్పున 2,400. అంటే పెట్టె వరకే దాదాపు 14,000.

మిగతా డబ్బు వైరు దగ్గర తేలుతుంది. రెండు ఏసీలకు, గీజరుకు, ఇండక్షన్‌కు డీబీ నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రావాలి. సగటున 12 మీటర్ల దూరం అనుకుంటే ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) కలిపి 96 మీటర్లు. కాయిల్‌కు 90 మీటర్లే కాబట్టి ఒకటి చాలదు. మిగతాది మీటర్ల లెక్కన తీసుకోండి. ఎర్త్‌కు 2.5 స్క్వేర్ ఎంఎం మరో 48 మీటర్లు. పైపులు, బాక్సులు కలుపుకుని 10,000 దాకా అవుతుంది. కొత్త ఎర్త్ గుంత 4,000, గోడ కోత, కూలి 8,000. మొత్తం 36,000. మీ ఎలక్ట్రీషియన్ ఇవన్నీ చేస్తుంటే 38,000 న్యాయమే. పెట్టె మార్చి పాత వైర్లే తగిలిస్తే మాత్రం చాలా ఎక్కువ.

లోడు పెంచినందుకు డిస్కమ్‌కు (కరెంటు సరఫరా సంస్థకు) కిలోవాట్ లెక్కన కట్టే డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్టు వేరు. అవి ఈ 38,000లో ఉన్నాయా అని తప్పకుండా అడగండి.

వైర్‌మన్_విజయవాడ:
పైన చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది. అయితే పాత ఇంట్లో అసలు పని పెట్టె బిగించాక మొదలవుతుంది. కొత్త ఆర్‌సీసీబీ పెట్టగానే ట్రిప్పవుతుంది. చాలామంది అది పాడైందనుకుని తీసేసి నేరుగా కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపేది అదొక్కటే.

ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు దాని గుండానే తిరిగి రావాలి. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే కట్ చేస్తుంది. పాత వైరింగులో రెండు గదులకు ఒకే న్యూట్రల్ లాగి ఉంటారు. ఆ గదుల ఫేజులు ఇప్పుడు వేర్వేరు ఆర్‌సీసీబీల కింద పడితే, స్విచ్చు వేయగానే ట్రిప్పే. ఇన్వర్టర్ సంగతీ ఇంతే: దానికి కరెంటు ఆర్‌సీసీబీ తర్వాత ఇచ్చి, లైట్ల న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్ లింకులో (న్యూట్రల్ వైర్లు బిగించే పట్టీలో) కలిపితే ఆర్‌సీసీబీ నిలవదు. కాబట్టి ఒక్కో సర్క్యూట్ న్యూట్రల్‌ను విడదీసి, పేరు రాసి, దాని ఫేజు తాలూకు న్యూట్రల్ లింకులోనే బిగించాలి. దీనికే ఒక రోజు పడుతుంది. కూలి మాట్లాడేటప్పుడే ఈ పని కలిపి మాట్లాడుకోండి.

పాత వైర్లను డీబీకి కలిపే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరుతో) చూడమనండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిన వైరును వాడొద్దు. గీజరు ఎలిమెంటు, సంపు మోటారు లీకేజీ కూడా అప్పుడే బయటపడుతుంది.

పాతిల్లు_సికింద్రాబాద్:
చాలా థాంక్సండీ. పాత బోర్డులో న్యూట్రల్‌కు కూడా ఫ్యూజు ఉంది. అది ఉంచాలా? ఏసీకి 32 ఆంపియర్ల ఎంసీబీ వేస్తే మాటిమాటికీ పడిపోదని అంటున్నాడు, నిజమేనా?

లోడ్‌లెక్క:
రెండూ వద్దు. న్యూట్రల్ ఫ్యూజు పోతే సామాను ఆగిపోతుంది, సాకెట్‌లో ఫేజు మాత్రం అలాగే ఉంటుంది. త్రీఫేజ్‌లో ఇంకా ప్రమాదం. న్యూట్రల్ తెగితే లోడు తక్కువున్న ఫేజు మీద వోల్టేజి 400 వైపు ఎగబాకి టీవీ, ఫ్రిజ్జు కాలిపోతాయి. దీన్ని ఆర్‌సీసీబీ పట్టుకోదు. మీటరు నుంచి డీబీ దాకా న్యూట్రల్‌లో ఎక్కడా ఫ్యూజు ఉండకూడదు, స్క్రూలు గట్టిగా బిగించి ఉండాలి. వీలైతే ఓవర్ వోల్టేజి ప్రొటెక్టర్ పెట్టించండి.

ఇక ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. పైపులో వెళ్లే 4 స్క్వేర్ ఎంఎం వైరుకు 20 ఆంపియర్లు వేయండి. ఒకటిన్నర టన్ను ఏసీ లాగేది 7, 8 ఆంపియర్లే. దానికి 20 కూడా పడిపోతోందంటే కంప్రెసర్‌లోనో, కనెక్షన్‌లోనో లోపముంది, అది చూడాలి. మోటారు, ఏసీలకు సీ కర్వ్ ఎంసీబీ తీసుకోండి, స్టార్టింగ్ కరెంటుకు బీ కర్వ్ పడిపోతుంది. లైట్ల 1.5 వైరుకు 6 లేదా 10, సాకెట్ల 2.5 వైరుకు 16.

వైర్‌మన్_విజయవాడ:
ఫేజుల పంపకం కూడా చెప్పండి అతనికి. ఏసీలు రెండు వేర్వేరు ఫేజుల మీద, గీజరు, ఇండక్షన్ మూడో దాని మీద. ఆ రెండూ కలిసి నడిచినా 17, 18 ఆంపియర్లు దాటవు. మోటారు రెండో ఏసీ ఫేజు మీద వేయొచ్చు. ఒక ఫేజు పోయినప్పుడు ఇల్లంతా ఇంకో ఫేజు మీదికి తిప్పే ఛేంజ్‌ఓవర్ పెట్టించుకుంటే, తిప్పే ముందు ఏసీలు, గీజరు ఆపాలి. లేకపోతే లోడంతా ఒకే ఫేజు సర్వీసు వైరు మీద పడుతుంది.

మీటరు సీలు ఎలక్ట్రీషియన్ చేత తీయించకండి. త్రీఫేజ్ మీటరు కోసం ముందే దరఖాస్తు పెట్టి, డీబీ సిద్ధమయ్యాక డిస్కమ్ వాళ్ల చేతే కనెక్షన్ మార్పించుకోండి.