సీటీ స్కాన్ నార్మల్ అన్న ప్రతి కంకషన్‌కీ (తలదెబ్బతో మెదడు కుదుపుకు గురవడం) హార్మోన్ పరీక్షలు చేయాలా?

మల్లెతీగ: తప్పనిసరి చేయాలంటాను. తలకు దెబ్బ తగిలి నెలలు గడిచినా నీరసం, మతిమరుపు, కోరిక తగ్గడం వదలకపోతే "టెన్షన్ పెట్టుకోకండి" అని పంపేస్తున్నారు. పిట్యూటరీ మెదడు కింద సన్నటి కాడకు వేలాడే గ్రంథి, మిగతా హార్మోన్ గ్రంథులను నడిపేది అదే. కుదుపుకి ఆ కాడలోని రక్తనాళాలు దెబ్బతింటే స్కాన్‌లో ఏమీ కనపడకపోవచ్చు. 2007లో జామా వైద్య పత్రిక సమీక్ష స్వల్ప గాయాల్లోనూ దాదాపు 17 శాతం మందిలో పిట్యూటరీ హార్మోన్ల లోపం లెక్కగట్టింది.

గోదారిగట్టు: ఆ 17 శాతాన్ని బండి మీంచి జారిపడ్డ ప్రతివాళ్లకీ అంటగట్టకండి. ఒక్కో అధ్యయనంలో ఒక్కో పరీక్ష, ఒక్కో కటాఫ్. రెండో పరీక్షతో నిర్ధారించుకున్నచోట అంకె బాగా తగ్గింది. పైగా మొదటి నెలల్లో కనిపించే లోపాలు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. గ్రోత్ హార్మోన్ స్టిమ్యులేషన్ టెస్టుకి ఏడాది ఆగడమే మంచిది. ఆగకూడనిది కార్టిసాల్ (ఒంటిని ఒత్తిడికి నిలబెట్టే అడ్రినల్ గ్రంథి హార్మోన్): వాంతులు, బీపీ పడిపోవడం, సోడియం తగ్గడం ఉంటే ఆ రోజే చూడాలి.

పరగడుపు: అసలు గొడవ ఎవరికి చేయాలన్నది కాదండీ, ఏం చేస్తున్నారన్నది. హెల్త్ ప్యాకేజీలో టీఎస్‌హెచ్ 2 వచ్చిందని థైరాయిడ్ బాగుందనేస్తారు. థైరాయిడ్‌ని పనిచేయించే ఆ టీఎస్‌హెచ్ పంపేదే పిట్యూటరీ. అదే దెబ్బతింటే ఆ అంకెను ఎలా నమ్ముతాం? పక్కన ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ లెక్క, ఉండాల్సిందే. కార్టిసాల్ రక్తం ఉదయం 8–9 మధ్య తీయాలి, సాయంత్రం తీసింది దండగ. డెసిలీటరుకి 3 మైక్రోగ్రాముల లోపుంటే లోపమే అనుకోవాలి, 15 దాటితే దాదాపు భయం లేదు. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి కార్టిసాల్ పెరుగుతుందా అని చూస్తారు. దెబ్బ తగిలిన మొదటి వారాల్లో అడ్రినల్ ఇంకా కుంచించుకుపోదు కాబట్టి అదీ తప్పుగా నార్మల్ చూపగలదు. గర్భనిరోధక మాత్రలు కార్టిసాల్‌ను ఎక్కువ చూపిస్తాయి. ఆస్తమా ఇన్హేలర్, చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీమ్ తగ్గించి చూపొచ్చు. ఇవి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

గోదారిగట్టు: ఇంకోటి, ప్రాణం మీదికి తెచ్చేది. కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువుంటే ముందు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ మందు), ఆ తర్వాతే థైరాక్సిన్ (థైరాయిడ్ మందు). తిరగేస్తే థైరాక్సిన్ ఉన్న కొద్దిపాటి కార్టిసాల్‌నీ త్వరగా ఖర్చు చేసేస్తుంది, మనిషి కుప్పకూలిపోతారు.

మల్లెతీగ: సరే, "అందరికీ" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ డిశ్చార్జ్ కాగితం మీద ఒక్క లైను రాయమనండి: మూడు నెలలకీ నీరసం తగ్గకపోయినా, నెలసరి ఆగినా ఉదయం కార్టిసాల్, ఫ్రీ టీ4 చేయించుకోమని.

పరగడుపు: దానికింద ఇంకో లైను: రోజుకి మూడు లీటర్లకు మించి మూత్రం, ఆగని దాహం ఉంటే అదీ పిట్యూటరీ దెబ్బకు గుర్తు కావచ్చు, మూడు నెలలు ఆగొద్దు, వెంటనే రమ్మని.