ఈ వారం సమస్య: కిటికి దాటి రాదు కిరణ మొకటి

నిర్వాహకుడు: చిత్రకారుడు కారవాజ్జో వేసిన ‘మత్తయికి పిలుపు’ చూస్తుంటే తట్టింది. పన్నులు వసూలు చేసే సుంకరి మత్తయిని క్రీస్తు పిలిచే బొమ్మ. రోమ్‌లోని సాన్ లుయిజీ చర్చి, 1599–1600. గోడకి అంత కిటికీ పెట్టి, అందులోంచి వెలుగు రానివ్వలేదు మహానుభావుడు. ఇదే చివరి పాదంగా పద్యాలు కానివ్వండి.

గోదారిగట్టు:
సుంకరి గది లోన సొమ్ములెంచెడి వేళ
క్రీస్తు కుడిని నిలిచి కేలు సాచె
వెలుగు వాని వెనుక వెంబడించుచు సాగె
కిటికి దాటి రాదు కిరణ మొకటి

ఛందోదాసు: నడక బాగుంది. కానీ ఆ చెయ్యి మైకెలాంజెలో గీసిన ఆదాము చెయ్యి కదా! క్రీస్తును కొత్త ఆదాముగా చూపే అసలు కిటుకు వదిలేసి ‘కేలు సాచె’తో సరిపెట్టారు. క్రీస్తు పక్కనున్న శిష్యుడు పేతురు ఊసే లేదు.

గోదారిగట్టు: అన్నీ ఇరికిస్తే పద్యం కాదు, సిలబస్. పేతురును కారవాజ్జో కూడా ముందు వెయ్యలేదు, తర్వాత కలిపాడని ఎక్స్‌రేలో తేలింది. మీదీ వదలండి, చూద్దాం.

ఛందోదాసు:
తలను వంచి వాడు దమ్మిడీ లెంచును
కనుల కిటికి మూసెను కాసు లాశ
పిలుపు చెవికి బడదు, వెలుగేమి సోకును
కిటికి దాటి రాదు కిరణ మొకటి

గోదారిగట్టు: కంటినే కిటికీ చెయ్యడం భేష్. ‘మూసెను’లో గణాలకి ఎక్కువైన ‘ను’ ఎవరి కోసం దాసు గారూ? పాదం మొదటి ‘పి’కి మధ్యలో ‘వె’ జత కట్టే యతి ఏ ఊరిది? పైగా ‘వాడు’ ఎవరు? బొమ్మలో గడ్డం ఆయన వేలు తనకేసా, బల్ల చివరి కుర్రాడికేసా అన్న తగాదా పండితులకే తెగలేదు.

ఛందోదాసు: ‘ను’ తీసెయ్యండి. పవర్గంతో వకారానికి మైత్రి ఉంది, పుస్తకం తిరగెయ్యండి. ‘వాడు’ ఎవరో కారవాజ్జో చెప్పాడా, నేను చెప్పడానికి? పోయినసారి శిల్పి బెర్నినీ చెక్కిన సన్యాసిని తెరెసాను, పాలరాతి శిల్పాన్ని, ‘చిత్తరువు’ అన్నవారు నాకు చెప్పొచ్చారు!

గోదారిగట్టు: అది యతి కోసం.

ఛందోదాసు: బెర్నినీ కిటికీని కనబడకుండా దాచి, పైనుంచి వెలుగు దింపాడు. మీ పూరణలో ఆ కిటికీ కూడా దాక్కుంది, వెలుగుతో సహా.

కృష్ణాతీరం: మీ పోట్లాట సాగనివ్వండి. ఆ చాపెల్‌లో బలిపీఠం పైన నిజం కిటికీ ఉంది. బొమ్మ ఎడమ గోడ మీద. బొమ్మలో వెలుగు వచ్చేదీ ఆ కిటికీ వైపు నుంచే.

గోడ మీది బొమ్మ గుడి కిటికీ నమ్మె
వేదిపైన నుండి వెలుగు దెచ్చె
బొమ్మలోని కిటికి బొంకెరా చూడంగ
కిటికి దాటి రాదు కిరణ మొకటి

గోదారిగట్టు: అబ్బ! ‘బొంకెరా’కి నా ఓటు.

ఛందోదాసు: మొదటి పాదంలో ‘కిటికీ’, మూడో పాదంలో ‘కిటికి’. ఏదో ఒకటి తేల్చుకోవాలి.

కృష్ణాతీరం: నాలుగో పాదం నిర్వాహకుడిది. ముందు ఆయన్ని తేల్చమనండి.