పదకొండేళ్ళ పమేరియన్ కుక్కకి రోజూ నొప్పి మందు: వేయాలా, వద్దా?

కుందలహళ్ళి కోడలు
అందరికీ నమస్తే. మాది గుంటూరు, ఉండేది బెంగళూరు కుందలహళ్ళి గేటు దగ్గర, మూడో అంతస్తులో. మా బూంది తెల్ల పమేరియన్, 11 ఏళ్ళు, 6.8 కిలోలు. చిన్నప్పటి నుంచీ పరిగెడుతూ పరిగెడుతూ ఒక వెనక కాలు పైకి మడిచి, రెండడుగులు గెంతి, మళ్ళీ మామూలుగా పోయేది. తొక్కుడుబిళ్ళ ఆడుతోందని నవ్వుకునేవాళ్ళం. మొన్న ఎక్స్‌రే తీయిస్తే తెలిసింది, అది ఆట కాదు, మోకాలి చిప్ప పక్కకి జారడమట. ఇన్నేళ్ళు జారీ జారీ కీలు అరిగి ఆర్థరైటిస్ వచ్చింది.

డాక్టరుగారు మెలాక్సికామ్ చుక్కల మందు రోజూ వేయమన్నారు. ఎన్నాళ్ళండీ అంటే, బహుశా ఎప్పటికీ అన్నారు. ఇంట్లో యుద్ధం మొదలైంది. "రోజూ నొప్పి మాత్రలు మింగి మీ మామగారు కిడ్నీలు ఏం చేసుకున్నారో మర్చిపోయావా?" అని అత్తయ్య. ఆవిడ పసుపు, మిరియాల పొడి, నెయ్యి కలిపి ముద్ద చేసి పెడుతున్నారు. మా ఆయన ఎటు గాలి వీస్తే అటు. మీరైతే ఏం చేస్తారు?

అనంతపురం అన్న
వేయొద్దక్కా. మీ అత్తమ్మ మాటే వినండి. మేం కేఆర్ పురంలో ఉంటాం. మా టామీగాడు 9 కిలోల కుక్క, ఇట్లే నడుము, మోకాళ్ళు నొప్పి. ఇదే మందు వేసినాం. మొదటి వారం గుర్రం మాదిరి ఉరికినాడు, మేం ఎంత సంబరపడితిమో. మూడో నెలలో తిండి మానేసినాడు, విరేచనం తారు మాదిరి నల్లగా. కడుపులో పుండు పడి రక్తం పోతాందని తెలిసేసరికి చిగుళ్ళు తెల్లగా పాలిపోయినాయి. పాయ. నొప్పితో ఇంకో రెండేళ్ళు బతికినా మా కళ్ళ ముందర ఉండేవాడు గదా.

మెడికల్ షాపు మావయ్య
బాబూ, వినడానికే కష్టంగా ఉంది. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. టామీకి ఇచ్చింది కుక్కల చుక్కల మందా, మనుషుల మాత్రా?

నేను డాక్టర్ని కాను, మారతహళ్ళిలో ఇరవై ఏళ్ళుగా మందుల షాపు. అందుకే అడుగుతున్నా. కుక్కలకి ఈ మందు మొదటి రోజు కిలోకి 0.2 మిల్లీగ్రాములు, రెండో రోజు నుంచి 0.1. మా అమ్మాయి బూందికి రోజుకి ముప్పాతిక మిల్లీగ్రాము కూడా పట్టదు. మనుషుల మాత్ర 7.5 లేదా 15. చిన్న మాత్ర ఒక్కటేసినా పదకొండింతలు. దాన్ని గోటితో విరిచి పదకొండు ముక్కలు ఎవడు చేస్తాడు? అందుకే కుక్కలకి చుక్కల మందు వేరే వస్తుంది, బరువు చూసి సిరంజితో కొలిచి పోయాలి.

ఇక వచ్చేవాళ్ళు అడిగే తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది. కుక్క కుంటుతోంది, బ్రూఫెన్ ఇమ్మంటారు, డైక్లోఫెనాక్ ఇమ్మంటారు. అవి కుక్కకి విషంతో సమానం. పారాసిటమాల్ కూడా మన ఇష్టానికి ఇచ్చేది కాదు. ఇంకొకాయన మోకాలికి నొప్పి బామ్ రాశాడట, అది శుభ్రంగా నాకేసింది. బామ్‌లో ఉండేది ఆస్పిరిన్ జాతి మందేనని ఎవరికి తెలుసు? (సందర్భం వచ్చింది గనక చెబుతున్నా: పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై రాలిపోయాయి. దాని బదులు వాడమన్నది ఈ మెలాక్సికామ్‌నే.)

అనంతపురం అన్న
మనుషుల మాత్రే మామా. సగం విరిచి ఇమ్మని ఫోన్లో చెప్పినారు, ఎవరో ఎందుకులే. ఇప్పుడు లెక్క వేసుకుంటే నాలుగింతలు. రాత్రి నిద్ర పట్టలేదు.

అయినా నా మాట మార్చుకోను. మోతాదు సరిగ్గా ఉన్నా ముసలి కుక్క కిడ్నీ ముసలిదే గదా. పథ్యం, నడక, మెత్తని పక్క, ఇవి రెండు నెలలు చూడండి. తగ్గకుంటే అప్పుడు మందు.

ఊరికే చదివేవాణ్ణి
కుక్కకి ఎక్స్‌రే, పథ్యం, మెత్తని పక్క. మా నాన్నకి ఇంత చేయలేదు నేను.

వరంగల్ పిల్ల, బీవీఎస్సీ (పశువైద్యం) ఆఖరు సంవత్సరం
పైన అన్న, మీ నాన్నగారికి కూడా చేయించుండ్రి, మేం వద్దనలే.

అనంతపురం అన్నకు: మీ బాధ అర్థమైతంది, కానీ రెండు నెలలు ఆగుమనుడు మాత్రం ఒప్పుకోను. కీలు నొప్పి ఉన్న కుక్క కుయ్యో మొర్రో అనదు. అట్ల అరుస్తదని చూస్తే ఎన్నటికీ తెల్వదు. సోఫా ముందటకు వచ్చి ఎక్కాల్నా వద్దా అని నిలబడుతది. పొద్దుగాల లేచినప్పుడు పది అడుగులు బిగుసుకొని నడుస్తది. ఒక్క మోకాలే నాకి నాకి అక్కడి తెల్ల బొచ్చు ఎర్రబడుతది. అక్కా, బూంది రెండు తొడలకు టైలరు టేపు పెట్టి చూడుండ్రి. నొప్పి కాలు దిక్కు తొడ సన్నబడి ఉంటది.

ఎందుకంటే నొప్పికి కాలు మోపదు, మోపకుంటే కండ కరుగుతది, కండ పోతే కీలు మీద ఇంకింత బరువు. నడక మానేస్తే ఒళ్ళు పెరుగుతది. మీరు చెప్పిన నడక, పథ్యం పని చేయాలంటేనే ముందు నొప్పి దిగాలె. మందు పథ్యానికి పోటీ కాదు.

భయం ఉండాల్సిందే, కానీ దానికి పద్ధతి ఉన్నది. మొదలుపెట్టే ముందు రక్తంల క్రియాటినిన్ (కిడ్నీ పని ఎట్లున్నదో చెప్పేది), లివర్ పరీక్ష. రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్ళా ఒకసారి, తర్వాత ఆర్నెల్లకోసారి. తిండితోనే ఇయ్యాలె. వాంతి, నల్ల విరేచనం, తిండి మానుడు, నీళ్ళు ఎక్కువ తాగుడు, ఏది కనిపించినా ఆ పూటే ఆపి ఫోన్ చేయాలె. దురదకు స్టెరాయిడ్ వాడుతుంటే ముందే చెప్పాలె, రెండూ కలిస్తే కడుపు పుండే. నొప్పి సర్దుకున్నంక మోతాదు ఎంత తక్కువకు దింపొచ్చో మీ డాక్టరే చూస్తరు. కిడ్నీ బాగలేకుంటే గాబాపెంటిన్ లాంటి వేరే నొప్పి మందులున్నయి, కాకపోతే మనుషుల సిరప్ మాత్రం వద్దు, కొన్నింట్ల జైలిటాల్ అనే తీపి ఉంటది, కుక్కకు ప్రాణాంతకం.

కుందలహళ్ళి కోడలు
టేపు పెట్టాం. ఎడమ తొడ సన్నగానే ఉంది. అత్తయ్యే పట్టుకున్నారు, చూసి ఏమీ మాట్లాడలేదు.

మరి పసుపు సంగతేంటి? కీళ్ళకి మంచిదంటే గ్లూకోసమైన్ పొడి కూడా కొన్నాను, డబ్బా ఖరీదు చెప్తే మీరు తిడతారు.

వరంగల్ పిల్ల
పసుపు చిటికెడైతే హాని లేదక్కా, కానీ అందులోని కర్క్యుమిన్ ఒంటికి పట్టేది శానా తక్కువ. గ్లూకోసమైన్‌కు గట్టి రుజువు దొరకలే. దానికన్నా చేప నూనెలోని ఒమేగా-3కే కొంత ఆధారం ఉన్నది, అదీ డాక్టరు చెప్పినంతే. నా గొడవ పసుపుతోని కాదు, నెయ్యితోని. చెంచా నెయ్యి అంటే దాదాపు 40 కేలరీలు. బూంది అంత కుక్కకు రోజు మొత్తం 350 దరిదాపుల చాలు. మనకు అది రోజుకు రెండు పూరీలు ఎక్కువ తిన్నట్టు.

లాబ్రడార్ల మీద ఒక పరిశోధన ఉన్నది, 2002ల వచ్చింది. 48 కుక్కలు, సగానికి జీవితాంతం పావు వంతు తిండి తక్కువ పెట్టిండ్రు. అవి దాదాపు రెండేండ్లు ఎక్కువ బతికినయి, కీళ్ళ నొప్పి కూడా ఆలస్యంగా వచ్చింది. ఏ మందూ అంత పని చేయదు.

వేపేరి వాసి
చెన్నై నుంచి. మా పగ్‌కి రెండేళ్ళప్పుడే చిప్ప జారుతోందని తెలిసి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు 9 ఏళ్ళు, బాగానే నడుస్తుంది. చిన్న కుక్క గెంతుతూ నడిస్తే ముద్దొస్తోందని వీడియో తీయకండి, డాక్టరుకి చూపించండి. కోడలుగారూ, మిమ్మల్ని అనడం లేదు.

అనంతపురం అన్న
ఆ చెల్లి చెప్పింది నిజమే అనిపిస్తాంది, తొడ సంగతి నాకు తట్టలేదు. కానీ అక్కా, ఇల్లు చూసుకున్నారా? మా ఇంట్లో వెట్రిఫైడ్ టైల్స్, అద్దం మాదిరి. టామీగాడు నీళ్ళ గిన్నె దగ్గర నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారి కూలబడేవాడు. మేం నొప్పి అనుకుంటిమి, సగం నేల తప్పు.

కుందలహళ్ళి కోడలు
ఆరు వారాల తర్వాత రాస్తున్నా. రక్త పరీక్ష చేయించి మందు మొదలుపెట్టాం. నెలకి మళ్ళీ చేయిస్తే క్రియాటినిన్ అంతే ఉంది. అన్నా, మీ మాట మీద నేల చూశాను. అరికాళ్ళ మెత్తల మధ్య బొచ్చు దూదిలా పెరిగిపోయి ఉంది, టైల్ మీద సాక్సులేసుకుని నడిచినట్టే దానికి. చిన్న కత్తెరతో తీసి, గోళ్ళు కత్తిరించి, మంచం నుంచి నీళ్ళ గిన్నె దాకా పాత యోగా మ్యాట్లు కోసి పరిచాం. మెట్లకి ఎత్తుకుని దింపుతున్నాం, కింద పది నిమిషాలు పొద్దున, పది సాయంత్రం.

బరువు మాత్రం తగ్గదే! ఆరా తీస్తే వాచ్‌మన్ దగ్గర రోజూ మూడు మారీ బిస్కెట్లు. ఒక్కోటీ 20 కేలరీల పైచిలుకు. ఆయనకి ఉడికించిన క్యారెట్ ముక్కలు డబ్బాలో ఇచ్చి వస్తున్నా. ఇప్పుడు 6.3.

నిన్న రాత్రి సోఫా మీద కనపడింది. ఎవరూ ఎక్కించలేదు. దూకొద్దని తిట్టాలో, ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. పసుపు కొనసాగుతోంది, నెయ్యి లేకుండా.

అనంతపురం అన్న
సంతోషం అక్కా. నాకింకా భయమే. మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

కుందలహళ్ళి కోడలు
ఆగస్టు రెండో వారం. వంటింటి క్యాలెండర్ మీద అత్తయ్య ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టారు, మామగారి చెకప్ తేదీ పక్కనే.